తుంటి కీలు మార్పిడి: ఏ ఇంప్లాంట్ ఎవరికి, ఎందుకు?

తుంటి ఆపరేషన్ తప్పదని తేలాక చాలా ఆసుపత్రుల్లో కౌన్సెలింగ్ గదిలో ఒక కాగితం చేతికిస్తారు. అందులో మూడు వరుసలు: ఇండియన్, ఇంపోర్టెడ్, సిరామిక్. పక్కన మూడు ప్యాకేజీ ధరలు. ఇంటికొచ్చి అన్నదమ్ములూ అల్లుళ్లూ కూర్చుని, చివరికి మధ్య వరుస మీద టిక్కు పెడతారు. మరీ తక్కువది తీసుకుంటే నాన్నకు అన్యాయం చేసినట్టుంటుంది, మరీ ఎక్కువదైతే అప్పు చేయాలి.

ఆ కాగితం అడిగే ప్రశ్నే తప్పు. మొదటి రెండు మాటలూ వస్తువు ఎక్కడ తయారైందో చెబుతాయి. మూడోది దేనితో తయారైందో చెబుతుంది, అదీ సగమే. సిరామిక్ బాల్ ప్లాస్టిక్ గిన్నెలో తిరుగుతుందా, సిరామిక్ గిన్నెలోనే తిరుగుతుందా అన్నది అందులో ఉండదు. ఆ రెంటికీ ధరలోనూ, రావచ్చిన ఇబ్బందుల్లోనూ చాలా తేడా ఉంది. నిజంగా తేల్చుకోవలసినవి వేరే ఉన్నాయి: సగం కీలు మార్చాలా మొత్తం మార్చాలా, ఎముకలో దాన్ని సిమెంట్‌తో పట్టించాలా వద్దా, ఏ పదార్థం మీద ఏది రాచుకోవాలి, బాల్ సైజెంత. ఇవి తేలితే కంపెనీ పేరు దాదాపు తనంతట తానే తేలుతుంది.

ముందు భాగాల పేర్లు చెప్పుకుందాం, తర్వాత గందరగోళం ఉండదు. తొడ ఎముక బోలులోకి దిగేది స్టెమ్. దాని కొసన తొడిగేది బాల్, డాక్టర్లు హెడ్ అంటారు. కటి ఎముకలో కూర్చోబెట్టే లోహపు గిన్నె కప్. కప్పుకీ బాల్‌కీ మధ్య ఉండే పొర లైనర్. రోజూ అరిగేది బాల్, లైనర్ కలిసే చోటే.

తుంటి ఎందుకు పోయింది?

ఇంగ్లండ్‌లోనో స్వీడన్‌లోనో తుంటి మార్పిడి అంటే ఎక్కువగా డెబ్బైకి దగ్గర పడ్డవాళ్ల అరుగుదల జబ్బు. మన దగ్గర అలా కాదు. తొడ ఎముక పైకొసన ఉండే సొంత బాల్‌కి రక్తం అందక ఎముక చచ్చుబడిపోయే ఏవీఎన్ మన దేశంలో ఈ ఆపరేషన్‌కి పెద్ద కారణం, అది వచ్చేది ఎక్కువగా ముప్పై, నలభై ఏళ్లవాళ్లకి. స్టెరాయిడ్లు, మద్యం, సికిల్ సెల్ జబ్బు దీనికి తెలిసిన కారణాలు. మన్యం ప్రాంతాల్లోనూ ఆదిలాబాద్ వైపూ సికిల్ సెల్ ఉన్న కుటుంబాలు చాలానే ఉన్నాయి. వెన్నెముక బిగుసుకుపోయే యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ ఇంకో కారణం. ఇక ఇంట్లో జారిపడి తొడ ఎముక మెడ దగ్గర విరిగిన అమ్మమ్మలు, తాతయ్యలు ఎటూ ఉంటారు.

అందుకే విదేశీ వెబ్‌సైట్లో చదివిన సలహాని నేరుగా ఇక్కడికి తెచ్చుకుంటే పొరపాటు జరుగుతుంది. అక్కడ సగటు రోగికి ఇంకో పదిహేనేళ్లు నడిస్తే చాలు. ఇక్కడ ముప్పై ఐదేళ్ల ఆటో డ్రైవర్‌కి నలభై ఏళ్లు నడవాలి. 2019లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక పరిశీలన ఆస్ట్రేలియా, ఫిన్లాండ్ రిజిస్ట్రీల (దేశంలో వేసిన ఇంప్లాంట్లు ఎలా నిలిచాయో రాసిపెట్టే చిట్టాల) లెక్కలు కలిపి చూసి, తుంటి ఇంప్లాంట్లలో సుమారు 58 శాతం పాతికేళ్లు నిలిచాయని తేల్చింది. అవి పాత తరం ప్లాస్టిక్‌తో వేసినవి, ఇప్పటివి ఇంకా మెరుగ్గా నిలుస్తాయనే అంచనా. అయినా ముప్పై ఐదేళ్ల మనిషి రెండో ఆపరేషన్ రావచ్చనే అనుకుని ఇంప్లాంట్ ఎంచుకోవాలి. డెబ్బై దాటినవాళ్లకి జీవితకాలంలో రెండోసారి ఆపరేషన్ పడే అవకాశం ఐదు శాతం దగ్గర ఉంటుందనీ, యాభైల మొదట్లో చేయించుకున్న మగవాళ్లలో అది ముప్పై ఐదు శాతం దాకా పోతుందనీ బ్రిటన్ లెక్కలు 2017లో చూపించాయి.

విరిగిన తుంటికి సగమా, మొత్తమా?

వయసు పైబడినవాళ్లకి తొడ ఎముక మెడ (బాల్ కింద సన్నటి భాగం) దగ్గర విరిగితే రెండు దారులున్నాయి. బాల్ వైపు మాత్రమే మార్చి, సొంత గిన్నెను అలాగే ఉంచేది హెమీ. రెండు వైపులా మార్చేది టోటల్. 2019లో వచ్చిన హెల్త్ అనే అంతర్జాతీయ ట్రయల్ దాదాపు 1,500 మందిలో ఈ రెంటినీ పోల్చింది. రెండేళ్లలో మళ్లీ ఆపరేషన్ అవసరమైనవాళ్ల సంఖ్య రెండు వైపులా ఇంచుమించు సమానమే. నడక, నొప్పి విషయంలో టోటల్‌కి కొద్దిపాటి మొగ్గు కనిపించింది, కీలు జారడం మాత్రం టోటల్ వైపే ఎక్కువ.

నా ఉద్దేశం సూటిగా చెబుతాను. ఎనభై దాటి, ఇంట్లోనే వాకర్‌తో తిరిగే మనిషికి హెమీ చాలు. ఆపరేషన్ త్వరగా అయిపోతుంది, రక్తం తక్కువ పోతుంది. అరవై ఐదేళ్లకి పొలం వెళ్లొస్తూ, బస్సెక్కి కూతురింటికి తిరిగే మనిషికి మాత్రం టోటల్ అడగండి, లేకపోతే కొన్నేళ్లకి గిన్నె అరిగి గజ్జల్లో నొప్పి మొదలవచ్చు.

ఇక్కడే బైపోలార్ అనే మాట వినిపిస్తుంది. బాల్ లోపల ఇంకో చిన్న బాల్ తిరిగే హెమీ అది, మన జిల్లా ఆసుపత్రుల్లోనూ చాలా వేస్తారు. లోపలి కీలు తిరుగుతుంది కాబట్టి సొంత గిన్నె అరగదన్నది దాని వెనక ఆలోచన. కొన్నాళ్లకి చాలామందిలో ఆ లోపలి కదలిక తగ్గిపోయి అది మామూలు బాల్‌లాగే పనిచేస్తుంది. పెద్దవాళ్లలో రెంటికీ ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కాబట్టి బైపోలార్ అన్న ఒక్క మాటకి ఎక్కువ డబ్బు పెట్టాల్సిన పని లేదు. స్టెమ్‌ని సిమెంట్‌తో పట్టిస్తున్నారా అన్నది దానికంటే పెద్ద ప్రశ్న.

సిమెంట్ పెట్టాలా?

ఎక్కువ తగవు ఇక్కడే. సిమెంట్ అనగానే మనవాళ్లు పాతకాలపు పద్ధతి, చవకది అనుకుంటారు. సిమెంట్ లేనిది కొత్తది, ఖరీదైనది, కాబట్టి మంచిదని లెక్క. ధర ఎక్కువన్న మాట నిజమే. మంచిదా కాదా అన్నది ఎవరి ఎముక అన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఇంగ్లండ్‌లో రైటింగ్టన్ ఆసుపత్రిలో జాన్ చార్న్‌లీ 1962 నవంబరులో వేసిన తుంటి నుంచే ఈనాటి ఆపరేషన్ మొదలైందంటారు. ఆయన దంతవైద్యులు వాడే యాక్రిలిక్ జాతి పదార్థాన్నే ఎముకలో సిమెంట్‌గా వాడాడు. అది జిగురులా అంటుకోదు. టైల్స్ సందుల్లో నింపే గ్రౌట్ లాగా ఖాళీ నింపి, బిగిసి, బరువును చుట్టూ పంచుతుంది. అంటే ఎముక మెత్తబడి, బోలు వెడల్పైపోయిన పెద్దవాళ్లలో కూడా స్టెమ్ మొదటి రోజు నుంచే కదలకుండా నిలుస్తుంది.

సిమెంట్ లేని స్టెమ్ పని వేరు. దాని గరుకు పైపూత మీదికి ఎముక పెరిగి పట్టుకోవాలి. అలా పెరిగేదాకా నిలవాలంటే దాన్ని ఎముకలోకి బిగుతుగా కొట్టి దించాలి. ఎముక గట్టిగా ఉంటే ఇది చక్కగా కుదురుతుంది, దశాబ్దాల తరబడి నిలుస్తుంది. ఎముక గుల్లబారి ఉంటే ఆ కొట్టేటప్పుడో, తర్వాత కొన్ని వారాల్లోనో తొడ ఎముక చీలే ప్రమాదముంది. 2022లో వైట్ 5 అనే బ్రిటిష్ ట్రయల్, తుంటి విరిగిన పెద్దవాళ్లలో సిమెంట్ హెమీనీ సిమెంట్ లేని కొత్త తరం హెమీనీ పోల్చింది. ఇంప్లాంట్ చుట్టూ ఎముక విరగడం సిమెంట్ వైపు 0.5 శాతం, సిమెంట్ లేని వైపు 2.1 శాతం. నాలుగు నెలలకి జీవన నాణ్యత కూడా సిమెంట్ వైపే మెరుగ్గా ఉంది.

సిమెంట్‌కి తన ఇబ్బంది తనకుంది. నింపేటప్పుడు కొద్దిమందిలో బీపీ ఒక్కసారిగా పడిపోతుంది, గుండె, ఊపిరితిత్తులు బలహీనంగా ఉన్నవాళ్లలో ఇది ప్రాణం మీదికి రావచ్చు. మత్తు డాక్టర్‌కి ముందే తెలిసి సిద్ధంగా ఉంటే ఆ ప్రమాదం చాలావరకు తగ్గుతుంది. ఇంకొకటి, రెండో ఆపరేషన్ పడితే బిగిసిన సిమెంట్‌ని తవ్వి తీయడం చాకిరీ. కుర్రవాళ్లకి సిమెంట్ లేనిది వేయడానికి ఇదీ ఒక కారణం.

స్టెమ్ పైతలం గురించి ఒక కథ చెప్పక తప్పదు, ఎందుకంటే ఇంప్లాంట్ అమ్మేవాళ్లు 'కొత్త డిజైన్' అన్నప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది. ఎక్సెటర్ నగరంలో రాబిన్ లింగ్ అనే సర్జన్, క్లైవ్ లీ అనే ఇంజినీరు కలిసి 1970లో అద్దంలా నున్నగా మెరిసే, కిందికి సన్నబడే స్టెమ్ తయారుచేశారు. 1976లో పైతలాన్ని కాస్త గరుకుగా మార్చారు. గరుకుగా ఉంటే సిమెంట్ బాగా పట్టుకోవాలి కదా అనిపిస్తుంది. జరిగింది వేరు: వదులైపోయే కేసులు పెరిగాయి. 1986లో మళ్లీ నున్నటి తలానికే వచ్చారు. నున్నటి స్టెమ్ సిమెంట్ లోపల వెంట్రుకవాసి కిందికి జారి ఇంకా బిగుసుకుంటుందనీ, ఆ స్వల్ప జారుడే దాని బలమనీ అప్పటికి అర్థమైంది. ఈనాటికీ ప్రపంచంలో ఎక్కువగా వాడే సిమెంట్ స్టెమ్‌లలో అదొకటి. కాగితం మీద మెరుగనిపించే చిన్న మార్పు ఒంట్లో ఏం చేస్తుందో పదేళ్లు గడిస్తే గానీ తెలియదు.

సిమెంట్ లేని వాటిలో 1986లో ఫ్రాన్స్‌లో మొదలైన కోరైల్ స్టెమ్‌కి అలాంటి సుదీర్ఘ రికార్డు ఉంది. ఎముకలో సహజంగా ఉండే ఖనిజం లాంటి హైడ్రాక్సీ ఎపటైట్ పూత దాని మీద ఉంటుంది. దాని పోలికలోనే ఇతర కంపెనీలు చాలా స్టెమ్‌లు తెచ్చాయి. వీటిలో కాలర్ ఉన్నవి, లేనివి అని రెండు రకాలుంటాయి. కాలర్ అంటే స్టెమ్ మెడ దగ్గర ఎముక అంచు మీద ఆనే చిన్న గట్టు. దానివల్ల స్టెమ్ కిందికి జారదు, మొదటి నెలల్లో ఎముక చీలడం తక్కువని రిజిస్ట్రీలు చూపుతున్నాయి. సిమెంట్ లేనిదే వేయించుకుంటుంటే కాలర్ ఉందా అని అడగడం తెలివైన ప్రశ్నే.

మరి ఎవరికి ఏది? అరవై లోపు, ఎముక గట్టిగా ఉంటే కప్, స్టెమ్ రెండూ సిమెంట్ లేకుండా. డెబ్బై దాటితే, ముఖ్యంగా ఆడవాళ్లకి, స్టెమ్ సిమెంట్‌తో. కప్ సిమెంట్ లేకుండా పెట్టి, స్టెమ్ మాత్రం సిమెంట్‌తో పెట్టేదాన్ని హైబ్రిడ్ అంటారు, పెద్దవాళ్లకి నాకు నచ్చే పద్ధతి అదే. మధ్య వయసులో ఎక్స్‌రే చూసి తేల్చాలి. తొడ ఎముక గోడలు మందంగా ఉండి లోపలి బోలు పైనుంచి కిందికి సన్నబడుతుంటే సిమెంట్ అక్కర్లేదు. గోడలు పలచబడి, బోలు పైనుంచి కిందిదాకా ఒకే వెడల్పుతో ఉంటే సిమెంట్ మేలు. మన దగ్గర చాలా కార్పొరేట్ ఆసుపత్రుల్లో వయసుతో పని లేకుండా అందరికీ సిమెంట్ లేనిదే వేస్తున్నారు. డెబ్బై ఎనిమిదేళ్ల తల్లికి సిమెంట్ లేని స్టెమ్ ప్యాకేజీలో కనిపిస్తే 'ఎందుకండీ?' అని ఒక మాట అడగండి.

ఏది దేని మీద రాచుకోవాలి?

చార్న్‌లీ మొదట గిన్నెకి టెఫ్లాన్ వాడాడు. రెండు మూడేళ్లలోనే అరిగి, ఆ పొడి చుట్టూ గడ్డలు కట్టాయి. ఆ పదార్థాన్ని తన తొడలోనే పెట్టుకుని చూసుకున్నాడాయన, అక్కడా అదే ప్రతిచర్య. తర్వాతే పాలిథిలీన్ అనే ప్లాస్టిక్ వచ్చింది. అప్పటినుంచి అరవై ఏళ్లుగా ఈ రంగం పోరాడుతున్నది ఆ అరుగుడు పొడితోనే. ప్లాస్టిక్ రేణువుల్ని ఒంట్లోని రక్షక కణాలు మింగుతాయి, జీర్ణం చేసుకోలేవు, ఆ గొడవలో చుట్టూ ఉన్న ఎముక కరిగిపోతుంది. కీలు వదులవుతుంది.

1990ల చివర్లో వచ్చిన హైలీ క్రాస్‌లింక్డ్ పాలిథిలీన్ ఈ కథను మార్చింది. ప్లాస్టిక్‌కి రేడియేషన్ ఇచ్చి దాని అణుగొలుసుల్ని ఒకదానితో ఒకటి ముడివేస్తారు, తర్వాత వేడిచేసి మిగిలిన చురుకైన కణాల్ని శాంతపరుస్తారు. కొందరు దానికి విటమిన్ ఇ కూడా కలుపుతారు. పాత ప్లాస్టిక్ ఏడాదికి 0.1 మిల్లీమీటర్ దాకా అరిగేది, ఇది అందులో చిన్న వంతే. అరుగుదల వల్ల పడే రెండో ఆపరేషన్లు దీనితో బాగా తగ్గాయని ఆస్ట్రేలియా రిజిస్ట్రీ ఏటా చూపిస్తూనే ఉంది. మొత్తం ఇంప్లాంట్‌లో ఒక్కదానికే డబ్బు పెట్టగలనంటే దీనికే పెట్టమంటాను. లైనర్ క్రాస్‌లింక్డ్ అవునా కాదా అని తప్పకుండా అడగండి, చవక ప్యాకేజీల్లో మామూలు ప్లాస్టిక్ వచ్చే వీలుంది.

దాని మీద తిరిగే బాల్ లోహందా, సిరామిక్‌దా? కోబాల్ట్ క్రోమియం బాల్ చవక, పగలదు. ఇబ్బంది ఒకటే: స్టెమ్ కొసకి బాల్ తొడిగే చోట లోహం మీద లోహం రాచుకుని కొందరిలో తుప్పు పడుతుంది, ఆ లోహపు అయాన్లు కండను దెబ్బతీస్తాయి. బాల్ పెద్దదయ్యే కొద్దీ ఈ భయం కొంచెం ఎక్కువ. సిరామిక్ బాల్‌తో ఇది చాలా తక్కువ, గీతలు పడవు. ఇప్పుడు వచ్చే గులాబీ రంగు సిరామిక్, అల్యూమినాలో జిర్కోనియా కలిపి గట్టిపరిచింది, పగలడం చాలా అరుదు. అరవై ఐదు లోపు వాళ్లకి సిరామిక్ బాల్, క్రాస్‌లింక్డ్ ప్లాస్టిక్ లైనర్ జోడీ నాకు మొదటి ఎంపిక. డెబ్బై ఐదేళ్ల మనిషికి లోహపు బాలే చాలు, ఆ మిగిలిన డబ్బు ఫిజియోథెరపీకి, ఇంట్లో బాత్రూమ్‌లో పట్టుకునే కడ్డీలకి పెట్టండి.

ఆక్సీనియం అనే నల్లటి బాల్ గురించి కూడా అడుగుతుంటారు. అది జిర్కోనియం లోహమే, పైపొర మాత్రం సిరామిక్‌గా మారి ఉంటుంది. ఫలితాలు బాగున్నాయి. ముప్పై ఏళ్లు వస్తుందన్న ప్రచారానికి మాత్రం తల ఊపకండి. అలాంటి లెక్కలు యంత్రాల మీద లక్షల సార్లు తిప్పి అరుగుదల కొలిచి చెప్పేవి. ఇన్‌ఫెక్షన్, కీలు జారడం, ఎముక విరగడం యంత్రంలో రావు, మనిషికి వస్తాయి.

సిరామిక్ మీద సిరామిక్: 1970లో ఫ్రాన్స్‌లో పియెర్ బూటాన్ మొదలుపెట్టాడు. అరుగుడు దాదాపు లేనట్టే. ఇరవై ఐదేళ్ల కుర్రాడికి ఇది మంచి ఆలోచనే. కానీ కొందరిలో నడిచినప్పుడు కిర్రుమని శబ్దం వస్తుంది, లైనర్ అంచు బీటవారవచ్చు, కప్ కొద్దిగా వంకరగా కూర్చున్నా ఇది ఊరుకోదు. ఒకవేళ సిరామిక్ పగిలితే రెండోసారి అక్కడ లోహపు బాల్ పెట్టకూడదు. కండలో మిగిలిపోయిన సిరామిక్ ముక్కలు లోహాన్ని గీకేస్తాయి, రక్తంలో కోబాల్ట్ విషంలా పేరుకుంటుంది, అలాంటి కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. అరుగుదలలో ప్లాస్టిక్ జోడీ ఇంత మెరుగయ్యాక, సిరామిక్ మీద సిరామిక్ ఎవరికి తప్పనిసరి అన్నది నాకైతే ఏడాదికేడాది చిన్నదవుతున్న జాబితా.

లోహం మీద లోహం కథ మనవాళ్లు తెలుసుకోవాలి. 2000 తర్వాత పెద్ద లోహపు బాల్, లోహపు కప్ జోడీ ఊపందుకుంది: అరగదు, జారదు, కుర్రవాళ్లు పరుగెత్తొచ్చు అన్నారు. వాటిలో జాన్సన్ అండ్ జాన్సన్‌కి చెందిన డీప్యూ కంపెనీ ఏఎస్ఆర్ ఇంప్లాంట్ ఒకటి. ఐదేళ్లలోనే పన్నెండు, పదమూడు శాతం మందికి రెండో ఆపరేషన్ పడుతోందని బ్రిటన్ రిజిస్ట్రీ లెక్కల్లో బయటపడింది. 2010 ఆగస్టులో ప్రపంచవ్యాప్తంగా వెనక్కి తీసుకున్నారు. మన దేశంలో సుమారు 4,700 మందికి అది వేశారు. వారిలో చాలామంది ఆచూకీ తర్వాత దొరకనే లేదు. 2017లో కేంద్ర ఆరోగ్య శాఖ నిపుణుల కమిటీ వేసింది, 2018 చివరికి బాధితులకు 30 లక్షల నుంచి 1.23 కోట్ల రూపాయల వరకూ పరిహారం లెక్కగట్టే సూత్రం ఖరారైంది. ఎవరికైనా 2010కి ముందు లోహం మీద లోహం పెట్టి ఉంటే, నొప్పి లేకపోయినా రక్తంలో కోబాల్ట్, క్రోమియం పరీక్ష చేయించుకోవాలి.

సొంత బాల్‌ని కోయకుండా దాని మీద లోహపు టోపీ తొడిగే రీసర్ఫేసింగ్ కూడా ఆ కుటుంబంలోదే. బర్మింగ్‌హామ్ పేరుతో 1997లో డెరెక్ మెక్‌మిన్ తెచ్చిన డిజైన్ బాగా నిలిచింది, కానీ పెద్ద సైజు ఎముకలున్న, అరుగుదల జబ్బున్న మగవాళ్లలో. ఆడవాళ్లకి వద్దని తయారీదారే 2015లో చెప్పేసింది. ఏవీఎన్‌లో టోపీ తొడగవలసిన ఎముకే చచ్చుబడి ఉంటుంది. మన రోగుల్లో దాని అవసరం దాదాపు లేదు.

బాల్ సైజు, బాసిపట్టు

మన బాధల్లో ముఖ్యమైనది విదేశీ కరపత్రాల్లో కనిపించదు: కింద కూర్చోవడం. పీట మీద భోజనం, పూజలో బాసిపట్టు, నమాజు, ఇండియన్ టాయిలెట్. మోకాలు ఛాతీ వైపు వచ్చి తుంటి లోపలికి తిరిగే భంగిమలోనే కృత్రిమ కీలు వెనక్కి జారేది.

చార్న్‌లీ బాల్ 22 మిల్లీమీటర్లు. ఇప్పుడు 28, 32, 36 వాడతారు. బాల్ పెద్దదైతే బయటికి రావడానికి ఎక్కువ దూరం కదలాలి, అందుకే జారడం తగ్గుతుంది. పాత ప్లాస్టిక్ రోజుల్లో పెద్ద బాల్ ఎక్కువ పొడి రాల్చేది. క్రాస్‌లింక్డ్ వచ్చాక 36 దాకా ధైర్యంగా వాడగలుగుతున్నారు. అయితే మన ఆడవాళ్లలో గిన్నె చిన్నది. చిన్న కప్పులో లైనర్‌కి మందం మిగలాలంటే 28 లేదా 32 దగ్గరే ఆగాలి. '36 వేయండి' అని పట్టుబట్టకండి, కప్ సైజు ఏమొస్తుందో లోపలికి వెళితే గానీ ఖాయంగా తెలియదు.

జారే ప్రమాదం మరీ ఎక్కువైతే డ్యూయల్ మొబిలిటీ అనే ఏర్పాటుంది. ఫ్రాన్స్‌లోని సెయింట్ ఎటియెన్‌లో గిల్ బుస్కే 1970లలో రూపొందించాడు. చిన్న బాల్ ఒక పెద్ద ప్లాస్టిక్ బాల్‌లో బిగుసుకుని తిరుగుతుంది, ఆ పెద్ద బాల్ మళ్లీ నున్నటి లోహపు కప్పులో తిరుగుతుంది. పక్షవాతం, పార్కిన్సన్స్ ఉన్నవాళ్లకి, నడుము ఎముకలు బిగించి ఉన్నవాళ్లకి, మతిమరుపు వల్ల జాగ్రత్తలు గుర్తుండని పెద్దవాళ్లకి ఇది మంచిది. కూర్చున్నప్పుడు నడుము వంగి కటి వెనక్కి వాలితే గిన్నె తెరుచుకుని తుంటికి చోటిస్తుంది, వెన్ను బిగుసుకుపోతే ఆ వెసులుబాటు ఉండదు. అందుకే యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ ఉన్నవాళ్లు ఆపరేషన్‌కి ముందు నిలబడీ కూర్చునీ తీసిన వెన్నెముక ఎక్స్‌రేలు అడగాలి. నలభై లోపు మామూలు రోగికి దీన్ని ప్యాకేజీ హంగుగా అంటగడితే వద్దనండి. రెండు చోట్ల ప్లాస్టిక్ రాచుకుంటుంది, కుర్రవాళ్లలో దీర్ఘకాలపు లెక్కలు ఇంకా పలచనే.

ఇంత చెప్పాక ఒక మాట: ఏ బాల్ వేసినా కప్ సరైన కోణంలో కూర్చోకపోతే జారుతుంది. కప్ వాలు నలభై డిగ్రీల చుట్టూ, ముందుకు తిరుగుడు పదిహేను డిగ్రీల చుట్టూ ఉండాలన్న లెక్క 1978 నుంచీ వాడుకలో ఉంది. అది సర్జన్ చేతిలో పని. ఏడాదికి వంద తుంటులు చేసే డాక్టర్ తనకి అలవాటైన, పేరు అంత మోగని ఇంప్లాంట్‌తో చేసే ఆపరేషన్, మీరు నెట్‌లో చూసి తెప్పించిన ఇంప్లాంట్‌ని ఆయనతో మొదటిసారి వేయించడం కన్నా మేలు. రోబో కూడా కప్ కోణం సాధించడానికి ఒక పనిముట్టే, ఇంప్లాంట్ రకం కాదు. దాన్ని కాగితంలో నాలుగో వరుసగా రాస్తే నమ్మకండి.

రికార్డు ఎలా చూడాలి?

స్వీడన్ 1979 నుంచి, ఆస్ట్రేలియా 1999 నుంచి, ఇంగ్లండ్, వేల్స్ 2003 నుంచి ప్రతి తుంటినీ రిజిస్ట్రీలో రాస్తున్నాయి. ఆస్ట్రేలియా వార్షిక నివేదిక ఉచితంగా దొరుకుతుంది, స్టెమ్, కప్ జోడీల వారీగా ఎన్ని మళ్లీ తెరవాల్సి వచ్చిందో ఉంటుంది. బ్రిటన్‌లో ఓడెప్ అనే మండలి ఇంప్లాంట్లకు రేటింగ్ ఇస్తుంది. 10ఏ స్టార్ అంటే పదేళ్ల లెక్కలు బలంగా ఉన్నాయని, 15ఏ స్టార్ అంటే పదిహేనేళ్లవి. పదేళ్లలో ఐదు శాతానికి మించి రెండో ఆపరేషన్ పడకూడదన్నది వైద్య ప్రమాణాలు చెప్పే అక్కడి నైస్ సంస్థ 2014లో పెట్టిన గీత. మీ డాక్టర్ చెప్పిన స్టెమ్, కప్ పేర్లు ఓడెప్ వెబ్‌సైట్లో వెతికితే అయిదు నిమిషాల పని.

ఇండియన్ ఇంప్లాంట్ల మాటకొస్తే, చెడ్డవని కాదు. వాటిలో కొన్ని పేరున్న డిజైన్ల పోలికలోనే ఉంటాయి. ఇబ్బంది లెక్కలు లేకపోవడం. మన దగ్గర తుంటి, మోకాలు సర్జన్ల సంఘం రిజిస్ట్రీ నడుపుతోంది గానీ అందులో రాయడం సర్జన్ల ఇష్టం, అన్నీ చేరవు. డెబ్బై ఐదేళ్ల మనిషికి నేను ఇండియన్ సిమెంట్ స్టెమ్‌కి అభ్యంతరం చెప్పను. ముప్పై ఏళ్ల మనిషికి మాత్రం పదేళ్ల రికార్డున్నదే అడుగుతాను, అది ఎక్కడ తయారైనా సరే.

డబ్బు సంగతి. 2017 ఆగస్టులో మోకాలి ఇంప్లాంట్లకు కేంద్రం ధర పరిమితి పెట్టింది, తుంటికి అప్పుడు పెట్టలేదు. అందుకే ఒకే ఊళ్లో రెండు ఆసుపత్రుల మధ్య తుంటి బిల్లు తేడా ఆశ్చర్యపరుస్తుంది. ప్యాకేజీ మొత్తం కాకుండా ఇంప్లాంట్ ధర విడిగా రాసివ్వమనండి: స్టెమ్, కప్, లైనర్, బాల్ ఒక్కొక్కటీ పేరుతో సహా. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద వెళ్తుంటే ప్యాకేజీలో ఏ రకం ఇంప్లాంట్ వస్తుందో, మీ జబ్బుకి ఏ ఆసుపత్రులు చేస్తాయో చేరకముందే ఆరోగ్యమిత్రని అడిగి తేల్చుకోండి. చేరాక అడిగితే ఎంచుకునే వీలు పెద్దగా మిగలదు.

ఆపరేషన్ అయ్యాక ఒక పని ఉంది, దాన్ని డిశ్చార్జి హడావిడిలో అందరూ మరిచిపోతారు. ప్రతి ఇంప్లాంట్ పెట్టెలో స్టిక్కర్లుంటాయి: కంపెనీ, రకం, సైజు, రిఫరెన్స్ నంబరు, లాట్ నంబరు. ఒక సెట్ ఆసుపత్రి ఫైలులో అతికిస్తారు, ఇంకో సెట్ మీ డిశ్చార్జి సమ్మరీ మీద అతికించమనండి. ఫొటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో పెట్టండి. ఏఎస్ఆర్ బాధితుల్లో ఎందరో తమ ఒంట్లో ఉన్నది ఏదో తెలియకే మిగిలిపోయారు. ఇంకో లాభం కూడా ఉంది: పదిహేనేళ్ల తర్వాత లైనర్ అరిగిందనుకోండి, కప్, స్టెమ్ గట్టిగా ఉంటే వాటిని కదపకుండా లైనర్, బాల్ మాత్రం మార్చి పంపేయొచ్చు. దానికి అదే కంపెనీ, అదే డిజైన్ భాగం కావాలి. స్టెమ్ కొస మీద 12/14 అని ఒకటే కొలత రాసి ఉన్నా రెండు కంపెనీల కోణాలు ఒకటి కాకపోవచ్చు, ఒకరి బాల్ ఇంకొకరి స్టెమ్ మీద సరిగ్గా కూర్చోకపోవచ్చు. స్టిక్కర్ లేకపోతే ఆ రోజు సర్జన్ గట్టిగా పట్టుకుని ఉన్న స్టెమ్‌ని కూడా ఎముక కోసి తీయాల్సి రావచ్చు.